రుగ్ణశిశుసేవ – విద్యార్థిధర్మం

 

ఈ మండపంలో పురాణమో, ఉపనిషత్తో చెప్పుకోవడం నాకు అలవాటు. ఈ రోజు మాత్రం మరొక విషయం మనవి చేయదలచాను. అందులో నా అపరాధం ఒకటి ఉన్నది. చేసిన తప్పును నలుగురిలో చెప్పుకోవడం ప్రాయశ్చిత్తంలో ఒక భాగమని ధర్మశాస్త్రకారులు చెప్పారు. కనుక ఓపికతో వినవలసినదిగా ప్రార్థన.

మా మనుమడు హైదరాబాదులో డిగ్రీ రెండవ సంవత్సరం చదువుతున్నాడు. ప్రతి ఆదివారం అక్కడ ఒక ఆశ్రయగృహానికి వెళ్లి వస్తాడు. క్యాన్సర్ సోకిన పిల్లలు, వారి తల్లిదండ్రులు చికిత్స జరిగినంతకాలం ఉచితంగా తలదాచుకొనే ఇల్లు అది. “నాలుగు పనసలు వల్లించుకోవలసిన సెలవురోజున అక్కడ నీకేమి పనిరా?” అని నేనే మందలించాను. వాడు ఎదురు చెప్పలేదు. “తాతగారూ, ఒక్కసారి నాతో రండి” అన్నాడు. వెళ్లాను.

వట్టిచేతులతో పోకూడదని ఆలయతీర్థం, కొబ్బరిచెక్కలు, తరిగిన పండ్లు తీసుకొని వెళ్లాను. గుమ్మంలోనే ఒక అమ్మాయి నన్ను ఆపింది. జలుబు, దగ్గు ఏమైనా ఉన్నాయా అని అడిగింది. సబ్బుతో చేతులు కడుక్కొని, మూతికి మాస్కు కట్టుకోమన్నది. తీర్థమూ, పండ్ల ముక్కలూ లోపలికి వద్దన్నది. నా మనస్సు చివుక్కుమన్న మాట నిజం. మనుమడు మెల్లగా చెప్పాడు. ఈ వ్యాధికి ఇచ్చే మందులు రోగాన్ని అణచడంతోపాటు రక్తంలోని తెల్లకణాలను కూడా తగ్గించివేస్తాయట. మనకు రెండు తుమ్ములతో పోయే జలుబు ఆ పసివారికి ప్రాణం మీదికి తెస్తుందట. కాచని నీరు, కోసి ఉంచిన పండు వారికి పనికిరావట. అప్పుడు నాకు అర్థమైనది. అది మడి. అరవై ఏళ్లకు పైగా మడి కట్టుకొంటున్నాను. ఎదుటివారి ప్రాణం కోసం కట్టుకొనే మడి ఒకటి ఉన్నదని ఆ గుమ్మంలో తెలుసుకొన్నాను.

లోపల ఆరేడేళ్ల పాప ఒకతె మనుమడితో క్యారమ్స్ ఆడడానికి ఎదురుచూస్తున్నది. మందుల వల్ల తలమీద ఒక్క వెంట్రుక లేదు. నా వంక, నా శిఖ వంక చాలాసేపు చూసి, “తాతా, నీకు కూడా మందు ఎక్కించారా?” అని అడిగింది. నేను జవాబు వెతుక్కొంటూ ఉండగానే, “నీకు కొంచెం మిగిలింది కదా, మళ్లీ మొలుస్తుందిలే” అని నన్నే ఓదార్చింది. ఉపన్యాసాలు చెప్పి బ్రతికినవాడిని, ఆ బిడ్డకు బదులు చెప్పలేకపోయాను.

ఆ పాప తల్లి ఆదిలాబాదు వైపు పల్లెనుండి వచ్చినది. నా వేషం చూసి, శాస్త్రం తెలిసినవాడని తలచి, “అయ్యా, నా బిడ్డ ఏం పాపం జేసింది?” అని అడిగింది.

నా అపరాధం ఇక్కడ ఉన్నది. సుమారు ముప్పైఐదు సంవత్సరాల క్రితం ఇదే ప్రశ్న నన్ను ఒక తండ్రి అడిగాడు. కొడుకుకు రక్తంలో క్యాన్సర్. పట్నంలో మందులు ఇప్పించమంటారా, ఇంటికి తీసుకొనిపొమ్మంటారా అని నా సలహా కోరాడు. నేను ప్రారబ్ధ సిద్ధాంతం వివరంగా చెప్పాను. అనుభవించక తప్పదన్నాను. ఆయన నమస్కారం చేసి, పిల్లవాడిని ఇంటికి తీసుకొనిపోయాడు. కొద్ది నెలలకు ఆ పిల్లవాడు లేడని తెలిసింది. చికిత్స చేయిస్తే బ్రతికేవాడో కాదో ఈశ్వరుడికే తెలియాలి. నా మాట వల్ల చికిత్స ఆగిపోయిన సంగతి మాత్రం నాకు తెలుసు.

అందుచేత ఆ తల్లికి ఒకే మాట చెప్పాను: “అమ్మా, నీ బిడ్డ ఏ పాపమూ చేయలేదు. నీవూ చేయలేదు. వైద్యులు చెప్పినన్నాళ్లూ మందు మానవద్దు.”

ఇది శాస్త్రానికి విరుద్ధమని ఎవరైనా అనవచ్చు. మహాభారతం ఆదిపర్వంలోని మాండవ్యమహర్షి కథను స్మరించండి. దొంగ అనే అపోహతో రాజు ఆయనకు కొరత వేయించాడు. తానేమి పాపం చేశానని మహర్షి యమధర్మరాజును నిలదీశాడు. బాల్యంలో పురుగులను పుల్లతో గుచ్చిన ఫలమని యముడు చెప్పాడు. తెలియని వయస్సులో చేసిన పనికి ఇంత దండనా అని మహర్షి ఆగ్రహించి, పద్నాలుగేళ్లలోపు పిల్లలు చేసినది పాపంగా లెక్కకు రాకూడదని కట్టడి చేశాడు. ఆ శాపం వల్లనే యమధర్మరాజు విదురుడుగా జన్మించవలసి వచ్చింది. పసివారి లెక్కలు చూడబోయి ధర్మదేవత అంతటివాడే శాపం పొందితే, మనమెంత?

పూర్వజన్మకర్మ మాట వేరని పండితులు అంటారు. కావచ్చు. కర్మసిద్ధాంతాన్ని నేను కాదనడం లేదు. నాకు కష్టం వచ్చినపుడు, నిబ్బరం తెచ్చుకోవడానికి నాకు నేను చెప్పుకోవలసిన మాట అది. ఎదుటివారికి కష్టం వచ్చినపుడు అదే మాట చెబితే, మన చేతులు ముడుచుకోవడానికి సాకు అవుతుంది. పరుల ఆర్తి కంటబడినపుడు మనకు విధించబడినది సేవ ఒక్కటే.

1895లో మన భీమవరంలో జన్మించిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారి సోదరులు స్ప్రూ అనే వ్యాధితో మరణించారు. ఆయన ప్రారబ్ధమని ఊరకుండలేదు. వైద్యం చదివి, అమెరికాకు వెళ్లి, పరిశోధనకే జీవితాన్ని ధారపోశారు. ఆయన నేతృత్వంలో తయారైన అమినోప్టెరిన్ అనే మందును బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు రక్తక్యాన్సర్ సోకిన పిల్లలకు ఇచ్చి, కొందరిలో వ్యాధి తాత్కాలికంగా తగ్గినదని 1948లో ప్రకటించాడు. సుబ్బారావుగారు ఆ సంవత్సరమే పరమపదించారు. ఆ మందుకు తోబుట్టువైన మెథోట్రెక్సేట్‌ను ఈనాటికీ ఈ పిల్లలకు ఇస్తున్నారు. తెలుగుబిడ్డ ఒకడు చేసిన తపఃఫలమిది.

ప్రపంచంలో ఏటా సుమారు 4 లక్షలమంది పిల్లలకు, కౌమారులకు క్యాన్సర్ వస్తున్నదని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెబుతున్నది. సంపన్నదేశాలలో నూటికి 80 మందికి పైగా కోలుకొంటున్నారు. పేదదేశాలలో ఆ భాగ్యం చాలా తక్కువమందికే కలుగుతున్నది. చికిత్సను మధ్యలో మానివేయడం అందుకు ఒక ముఖ్యకారణం. పిల్లలలో ఎక్కువగా కనిపించే రక్తక్యాన్సర్‌కు రెండు మూడేళ్లు మందులు వాడాలి. ఆసుపత్రిఖర్చును 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ వంటి పథకాలు కొంతవరకు భరించినా, కూలికి పోయే తల్లిదండ్రులు నెలల తరబడి పట్నంలో ఎక్కడ ఉంటారు? ఏమి తింటారు? ఆ ప్రశ్నకు సమాధానమే ఇటువంటి ఆశ్రయగృహం.

ఇక విద్యార్థుల మాట. తైత్తిరీయోపనిషత్తులో, చదువు ముగించిన శిష్యుడిని పంపుతూ ఆచార్యుడు చేసే ఉపదేశం ఉన్నది. దానం చేసేవాడికి శ్రద్ధ, వినయం, మైత్రి ఉండాలన్నాడు. వాటితోపాటు భయం కూడా ఉండాలన్నాడు. ఇచ్చేవాడికి భయమెందుకని చిన్నప్పుడు మా గురువుగారిని అడిగాను. “తొందరపడకు, తెలుస్తుందిలే” అన్నారు. మనుమడిని చూసిన తరువాత తెలిసింది. వాడు చేతులు రెండుసార్లు కడుక్కొంటాడు, కొంచెం జలుబు చేసినా వెళ్లడు. తన వల్ల ఆ బిడ్డకు కీడు కలుగుతుందేమోననే ఆ జాగ్రత్తయే ఆ భయం.

మరొక సంగతి. సంధ్యావందనం నిత్యకర్మ. మానితే ప్రత్యవాయం. ఫలం కోరి చేసేది కామ్యకర్మ. పుట్టినరోజున కేకు తీసుకొని వెళ్లి, పిల్లలతో ఫోటోలు దిగి, మళ్లీ ఆ వైపు చూడకపోవడం కామ్యం. వస్తానన్న ఆదివారం రావడం నిత్యం. అన్న వస్తాడని గుమ్మం దగ్గర కూర్చున్న బిడ్డ నిరాశపడితే, అదే ప్రత్యవాయం.

మీకు మూడు విన్నపాలు. ఈ వ్యాధి అంటువ్యాధి కాదు. మీ వీధిలో ఇటువంటి బిడ్డ ఉంటే పాపం, శాపం అనే మాటలు పలకకండి, చికిత్స మధ్యలో ఆగకుండా చూడండి. పద్దెనిమిదేళ్లు నిండి ఆరోగ్యంగా ఉన్న మీ పిల్లలను రక్తదానానికి, ప్లేట్‌లెట్ల దానానికి పంపండి. ప్లేట్‌లెట్లు సుమారు అయిదు రోజులకు మించి నిలువ ఉండవు, కనుక దాతలు ఎప్పుడూ కావలసినదే. అన్నదానం చేయదలచినవారు వండిన ప్రసాదానికి బదులు బియ్యం, పప్పు, నూనె పంపండి. ఆ ఇంటి వంటశాలలో తల్లులు తమ బిడ్డలకు తామే శుచిగా వండుకొంటారు.

ఈ సేవలో దుఃఖం లేదని నేను చెప్పను. మనుమడితో చదరంగం ఆడే కుర్రవాడొకడు ఒక ఆదివారం అక్కడ లేడు. ఇక రాడని చెప్పారట. ఆ రాత్రి మనుమడు అన్నం ముట్టలేదు. వచ్చే ఆదివారం వెళతావా అని అడిగాను. “పాప ఎదురుచూస్తుంది తాతగారూ” అన్నాడు. వెళ్లాడు. ఇప్పుడు వాడితో నేనూ వెళుతున్నాను, చేతులు కడుక్కొని, మూతికి గుడ్డ కట్టుకొని.

ఆ పసివారందరికీ ధన్వంతరిస్వరూపుడైన శ్రీమన్నారాయణుడు ఆయురారోగ్యాలు ప్రసాదించుగాక. స్వస్తి.