పరిశోధన వ్యాసము – పత్రికా ప్రవేశము

(సంఘ వార్షికోత్సవ సభయందలి ఉపన్యాస పాఠము)



మన సంఘ సభ్యులలో పలువురు ఉద్యోగరీత్యా దేశము నలుమూలలకు బదిలీయై వచ్చినవారు. సెలవులలో స్వగ్రామమునకు వెళ్ళినపుడు అమ్మవారి జాతరను గూర్చియో, శిథిలాలయమందలి శాసనమును గూర్చియో, పెద్దలు చెప్పిన ఆచారములను గూర్చియో విషయము సేకరించి తెచ్చుకొన్నవారు మనలో లేకపోలేదు. ఆ సామగ్రి బీరువాలలో నోటు పుస్తకములుగానే నిలిచిపోవుచున్నది. చెప్పిన వృద్ధులు గతించుచున్నారు. గోడలకు సున్నము, రంగులు పూయుటచే శాసనాక్షరములు మాసిపోవుచున్నవి. కావున అట్టి సామగ్రిని వ్యాసముగా కూర్చి విద్వత్పత్రికకు పంపు విధమును గూర్చి నాలుగు మాటలు మనవి చేసెదను.

ఇది విశ్వవిద్యాలయ పండితుల పని గదా, గుమాస్తాలకు, లెక్కల అధికారులకు ఏల యని కొందరు శంకింపవచ్చును. గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా నుండి, ముఖలింగ క్షేత్రమందలి శాసనములను చదువుటకై ప్రాచీన లిపులను తమంత తామే నేర్చుకొనిరి. శకవర్షము 979 నాటి వజ్రహస్తుని నడగాం తామ్రశాసనమును ‘ఎపిగ్రాఫియా ఇండికా’ నాలుగవ సంపుటమున వారే ప్రకటించిరి. రాంచీలో న్యాయవాదియైన శరచ్చంద్ర రాయ్ గారు ముండా జాతివారిని గూర్చి 1912లో గ్రంథము వెలువరించి, 1921లో ‘మాన్ ఇన్ ఇండియా’ యను పత్రికనే స్థాపించిరి. జీవనోపాధి వేరైనను విద్యావ్యాసంగము సాగునని ఈ మహనీయులే నిరూపించిరి.

మన గ్రామదేవతలను గూర్చి నేటికిని పండితులు ఉదాహరించు గ్రంథములలో రెండు, 1915లో ఎల్మోర్, 1916లో వైట్‌హెడ్ వ్రాసినవి. ఇరువురును క్రైస్తవ మతాచార్యులే. వారి శ్రమవలన ఎన్నో వివరములు దక్కినవి, అందులకు కృతజ్ఞులము. కాని వారి మతదృష్టి ఆ వివరణలపై పడకపోలేదు. మనవారు వ్రాయకున్నచో పరులు వ్రాసినదే ప్రమాణముగా నిలుచును. అట్లే మన భక్తియు మన చూపునకు అడ్డుపడవచ్చునని మనము గుర్తెరుంగవలయును.

ఇక వ్యాసరచన. మొట్టమొదట ప్రశ్న కావలయును. “మా యూరి పోలేరమ్మ జాతర” యనునది వర్ణన మాత్రమే. మశూచి ప్రపంచమునుండి నిర్మూలితమైనదని 1980లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించినది. ఆ వ్యాధిని తొలగించు తల్లిగా కొలువబడిన పోలేరమ్మకు జాతరలు నేటికిని జరుగుచున్నవి. మరి మ్రొక్కులోని కోరిక యేమైనది? కుమ్మరి, చాకలి, ఆసాదుల విధులు ఎట్లు మారినవి? ఇట్టి ప్రశ్న నొకదానిని పట్టుకొన్నచో వర్ణన పరిశోధనగా మారును.

రెండవది, తాను కనులార చూచినది, ఒకరు చెప్పగా విన్నది, తాను ఊహించినది అను మూడింటిని వేరుపరచి వ్రాయుట. ఎవరు, ఎచట, ఏ తేదీన చెప్పిరో గుర్తించుకొనవలెను. “అమ్మవారు ఊరిని కాపాడినది” అని వ్రాయుట భక్తుని ధర్మము. “కాపాడినదని గ్రామస్థులు విశ్వసింతురు” అని వ్రాయుట పరిశోధకుని ధర్మము.

మూడవది, పత్రికను ఎంచుకొనుట. దాని ఇటీవలి సంచికలను శ్రద్ధగా చదివి, మన విషయము దాని పరిధిలోనిదో కాదో తేల్చుకొనవలయును. నిడివి, పాదసూచికలు, తెలుగు మాటలను రోమను లిపిలో వ్రాయు పద్ధతి మొదలైన నియమములను అక్షరాల పాటింపవలెను. ఒక వ్యాసమును ఒకే కాలమున ఒక పత్రికకే పంపవలెను. తగినదని సంపాదకుడు తలచినచో, పలు పత్రికలలో రచయిత పేరు తొలగించియే పరీక్షకులకు పంపుదురు. అభిప్రాయములు వచ్చుటకు నెలలు పట్టును. దిద్దుమన్నచో నిరాశ వలదు. ప్రతి యాక్షేపణకును వరుసగా సమాధానము వ్రాయవలెను. అంగీకరింపలేనిచోట ఆధారము చూపి వినయముతో ప్రతిపాదింపవలెను. తిరస్కృతమైనను ఆ విమర్శ వ్యర్థము కాదు. దానితో వ్యాసమును బాగుచేసి వేరొక పత్రికకు పంపవచ్చును.

ఇచట నొక హెచ్చరిక. సొమ్ము చెల్లించినచో వారములో ప్రకటింతుమను పత్రికలు నేడు పుట్టగొడుగులవలె లేచినవి. ఎనిమిదంకెల ఐ.ఎస్.ఎస్.ఎన్. సంఖ్య పత్రికకు గుర్తు మాత్రమే. గుణమునకు ముద్ర కాదు. విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘము 2019లో వెలువరించిన ‘కేర్’ పట్టికను 2025లో నిలిపివేసినది. కావున వివేచన మనదే. ఉచిత పఠనమునకై రుసుము గైకొను మంచి పత్రికలును గలవు. రుసుము నొక్కదానిని చూచి తీర్పు చెప్పరాదు. సంపాదకవర్గమెవరు, పరీక్ష నిజముగా జరుగుచున్నదా యని విచారింపవలెను.

ప్రభుత్వోద్యోగులమగుట చేత 1964 నాటి ప్రవర్తనా నియమావళిలోని ఎనిమిదవ నియమమును మరువరాదు. ప్రకటించిన అభిప్రాయములు తమవే గాని ప్రభుత్వమువి కావని స్పష్టము చేయుట మన విధి. మతవిషయములు వ్రాయునపుడు ఈ జాగ్రత్త మరింత అవసరము. సందేహము కలిగినచో ముందుగా కార్యాలయమును సంప్రదించుట మేలు.

కడపట చెప్పుచున్నను, ఇది యన్నిటికంటె ముఖ్యము. మనకు విషయము చెప్పినవారు మన ఋణదాతలు. వారి పేరు వేయుటకు, ఛాయాచిత్రము ప్రకటించుటకు వారి యనుమతి పొందవలెను. రహస్యముగా జరుపు పూజావిధిని వారు వలదన్నచో వ్రాయరాదు. ఏ కులమువారి యాచారమైనను చులకనగా పేర్కొనరాదు. వ్యాసము ఆంగ్లమున వెలువడినచో దాని సారమును తెలుగున వ్రాసి ఆ గ్రామమునకు అందజేయవలెను. ఆసాది తన పాటను గూర్చి మనము వ్రాసినదానిని విని, “ఔను, ఇది మాదే” యనవలయును. ఏ పరీక్షకుని అంగీకారమును దానికి సాటిరాదు.

సభ్యులారా! వచ్చు సెలవులలో పాత నోటు పుస్తకములను ఒకసారి తెరువుడు. అందొక ప్రశ్నను వెదకుడు. చెప్పగల పెద్దలు ఉండగానే తిరిగి వెళ్ళి అడుగుడు.