ఆరోగ్య పథకము ఫలించినదా? — లెక్కతో తెలిసికొను విధము
(పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



గ్రామమునకొక ఆరోగ్య పథకము వచ్చును. మందులు పంచుదురు, సూదులు వేయుదురు, కొందరికి శిక్షణ నిత్తురు. ఏడాది గడచిన పిమ్మట మేలు జరిగినదా యని ఎవరైన ప్రశ్నించినచో, "పోయిన యేటికన్న ఈ యేడు జబ్బులు తగ్గినవి" అని మనము చెప్పుదుము. ఈ సమాధానము చాలునా? విశ్వవిద్యాలయములలో గణాంక శాస్త్రమున డాక్టరేటు పట్టమునకై పరిశోధన చేయువారిలో కొందరు ఈ ప్రశ్ననే పట్టుకొని ఏండ్ల తరబడి కృషి చేయుచున్నారు. వారి సూత్రములు కఠినములైనను, మూలమున గల యుక్తి రైతుబిడ్డకు క్రొత్తది కాదు.

క్రొత్త విత్తనము గుణము తెలియగోరు రైతు పోయిన యేటి పంటతో ఈ యేటి పంటను పోల్చి ఊరకుండడు. ఏలయన వాన మారియుండవచ్చును. ఒకే చేనిలో ఒక మడియందు పాత విత్తనమును, వేరొక మడియందు క్రొత్త విత్తనమును చల్లి చూచును. అయితే సారవంతమైన మడిని క్రొత్త విత్తనమునకే యిచ్చినచో పరీక్ష చెడును. అందుచే ఏ మడికి ఏ విత్తనమో చీట్లు వేసినట్లు నిర్ణయింపవలెనని ఇంగ్లండులోని రోథామ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రమున పనిచేసిన ఆర్. ఎ. ఫిషర్ బోధించిరి. మన తెలుగువారైన సి. ఆర్. రావుగారు ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో చదివి, కేంబ్రిడ్జిలో ఆ ఫిషరుగారి వద్దనే పరిశోధించి 1948లో డాక్టరేటు పొందిరి.

ఈ యుక్తి వైద్యమునకు ఎట్లు ఉపకరించెనో చూతము. 1956లో మద్రాసు నగరమున క్షయ చికిత్సా పరిశోధన కేంద్రము నెలకొల్పబడెను. శానిటోరియమున నుంచి, విశ్రాంతియు పుష్టికరమైన ఆహారమును ఇచ్చిననే గాని క్షయ నయము కాదని ఆ దినములలో పెక్కుమంది నమ్మిక. కాని లక్షలాది రోగులకు పడకలెక్కడివి? ఆ కేంద్రమువారు 193 మంది రోగులను తీసికొని, చీట్లు వేసిన రీతిగా కొందరిని శానిటోరియమునకు పంపిరి. తక్కినవారికి వారి యిరుకు ఇండ్లలోనే చికిత్స జరిపిరి. మందు మాత్రము ఉభయులకు నొక్కటే. ఏడాది ముగియునప్పటికి శానిటోరియములో నూటికి 92 మందికి, ఇండ్లలో నూటికి 86 మందికి వ్యాధి అణగినది. అంత కొద్దిమందిలో ఈపాటి తేడా కాకతాళీయముగ కూడ రాగలదని గణితము తేల్చినది. ఇంటిలో చికిత్స పొందినందువలన కుటుంబములోనివారికి వ్యాధి అధికముగా సోకలేదనియు తేలినది. 1959లో వెల్లడియైన ఈ ఫలితము ఇంటివద్ద చికిత్సకు బలము చేకూర్చెను. 1962లో ఆరంభమైన జాతీయ క్షయ నివారణ కార్యక్రమము ఆ మార్గమునే త్రొక్కెను.

అన్నిచోట్ల చీట్లు వేయుటకు వీలుపడదు. తెలంగాణమునకు సరిహద్దున నున్న మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లాలో డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణీ బంగ్ దంపతుల 'సెర్చ్' సంస్థ 39 గ్రామములలో స్త్రీలకు శిక్షణ నిచ్చి, ఇండ్లకు పోయి పసికందులను కాపాడు పనిని అప్పగించెను. మరి 47 గ్రామములను పోల్చుటకై ఎన్నుకొనెను. పని మొదలిడుటకు పూర్వమే 1993 నుండి 1995 వరకు ఉభయ గ్రామములలోను మరణములను లెక్కించి, అవి ఇంచుమించు సమానముగా నున్నట్లు చూచుకొనిరి. 1998 వరకు లెక్క సాగింపగా, పని జరిగిన గ్రామములలో నెల నిండక మునుపే పోవు శిశువుల మరణములు, పోల్చిన గ్రామములతో చూడగా, సుమారు 62 శాతము తగ్గినవి. 2011 నుండి ఆశా కార్యకర్తలు ఇంటింటికి వచ్చి పసిబిడ్డను చూచు ఏర్పాటునకు ఇట్టి అనుభవమే ఆధారము.

ఈ 62 శాతమను మాటకు పునాది యేది? పని జరిగిన చోటను, జరుగని చోటను, ప్రతి పుట్టుకను ప్రతి చావును విడువక వ్రాసిన పుస్తకమే. లెక్క చెడినచో మేలు చేయు పథకము నిరూపణ లేక ఆగిపోవచ్చును. మేలు చేయనిది సాగిపోవచ్చును. 1969 నాటి జనన మరణ నమోదు చట్టము క్రింద 21 దినములలోపల వీనిని తెలుపవలెను. కాని పుట్టిన రెండుమూడు దినములకే కన్నుమూసిన బిడ్డను, పేరైన పెట్టలేదు గదా యని తరచు వ్రాయింపక విడుతుము. ఆ బిడ్డ వలన నేర్వవలసినది ఆ బిడ్డతోడనే పోవును.

ఇందు రెండు జాగ్రత్తలు కలవు. చిన్న గ్రామమున ఏటికి జననములే కొలది; ఒకటి రెండు మరణములు హెచ్చినను తగ్గినను అది కాకతాళీయము కావచ్చును. కావున ఒక్క యేటి అంకెను చూచి ఎవరిని మెచ్చుటయు తగదు, నిందించుటయు తగదు. రెండవది, శ్రద్ధగా నమోదు చేయ మొదలిడిన గ్రామమున మొదటి యేట మరణములు పెరిగినట్లు కనబడును. అవి పెరిగినవి కావు, బయటపడినవి. అధికారులు ఏమందురో యని జంకి అంకె దాచినచో మన బిడ్డలకే నష్టము.

తదుపరి సమావేశమున జనన మరణముల పుస్తకమును తెప్పించి చూడుడు. అంగన్‌వాడీ కార్యకర్తను, ఆశా కార్యకర్తను పిలిచి వారి పుస్తకములతో సరిచూడుడు. పొరుగు గ్రామపు లెక్కతో పోల్చుడు. పథకము ఫలించినదా యను ప్రశ్నకు అప్పుడే మనము నిజమైన సమాధానము చెప్పగలము.