చేప బతికి ఉంటే చాలునా?
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఉద్యోగమంతా నీటి పరీక్షల్లోనే గడిపాను. ఈనాటికీ మిత్రులు అడిగేది ఒకటే: "చేపలు బతికే ఉన్నాయి కదా, ఇక చెరువుకేం లోటు?"

మామూలు మురుగు కొంతకాలానికి కుళ్ళిపోతుంది. లోహం కుళ్ళదు, అడుగు బురదలో నిలిచిపోతుంది. రాగి, జింకు మోతాదు మించితే చేప మొప్పలు దెబ్బతింటాయి. కాడ్మియం కాలేయంలో, మూత్రపిండాల్లో పేరుకుంటుంది. చేప వెంటనే చావకపోవచ్చు. ఎదుగుదల తగ్గుతుంది, సంతానం తగ్గుతుంది.

మనకు ప్రియమైన కొరమీను నీటిపైకి వచ్చి గాలి పీల్చుకుంటుంది. అందుచేత ఆక్సిజన్ తగ్గిన నీటిలోనూ బతుకుతుంది. పైగా చిన్న చేపలను తింటుంది కనుక, నీటిలో పాదరసం ఉంటే దాని కండలో మరింత చేరుతుంది. కడిగినా, ఉడికించినా అది పోదు. గర్భిణి తింటే కడుపులోని బిడ్డ మెదడుకు ముప్పు.

ఇది దూరదేశపు కథ కాదు. పటాన్‌చెరు పరిశ్రమల వ్యర్థాలు నక్కవాగు గుండా మంజీరకు చేరాయి. 1990లో ఆ కాలుష్యంపై సుప్రీంకోర్టులో వ్యాజ్యం పడింది. అక్కడి మట్టిలో సీసం, ఆర్సెనిక్, క్రోమియం హెచ్చుగా ఉన్నట్లు శాస్త్రజ్ఞులు నిర్ధారించారు.

కనుక మృగశిర కార్తెకు చేపలు కొనేటప్పుడు తాజాదనంతో పాటు ఏ చెరువువో కూడా అడగండి. ఫ్యాక్టరీ నీరు చేరే చెరువువైతే మనవలకు పెట్టవద్దు. అలాంటి చెరువుల్లో నీరు, బురద, చేప మూడూ పరీక్షించమని మన సంఘం తరఫున అర్జీ పెడదాం. చెరువును నమ్ముకున్న బెస్తవారి బతుకుకూ అదే రక్ష.