ఇంజినీరింగ్ దారి ఎనిమిదో తరగతి లెక్కల మీదుగా

(జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల హైస్కూలు విద్యార్థులు, వారి తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



2016 అక్టోబర్ 11న పాత వరంగల్ జిల్లా నుంచి మన మూడు జిల్లాలూ విడివడ్డాయి. ఆఫీసులు దగ్గరయ్యాయి గాని ఉన్నత విద్య మన ఇళ్ళకు అంతగా దగ్గర కాలేదని మా అభిప్రాయం. బైకు ఇంజను విప్పి బిగించేవారు, మోటార్లకు వైండింగు చేసేవారు, వెల్డింగు పనివారు మనలో ఎందరో ఉన్నారు. యంత్రం మన పిల్లలకు కొత్త కాదు, దాని వెనుకనున్న గణితమే కొత్త. షెడ్డులో పదేళ్ళు చెమటోడ్చినవాడు మెకానిక్కుగానే మిగిలిపోతున్నాడంటే లోపించింది తెలివి కాదు, చదువూ పత్రమూ.

మన రాష్ట్రం జూలై 11ను ఇంజినీర్ల దినంగా జరుపుకొంటున్నది. అది నవాబ్ అలీ నవాజ్ జంగ్ జన్మదినం. ఇంగ్లండులో ఇంజినీరింగ్ చదివి వచ్చి, నిజాంసాగర్ నిర్మించిన మహనీయుడాయన. ఆయన పేరు చెప్పి చప్పట్లు కొట్టించుకోవడం సులువు. ఆయన తోవలో ఒక పిల్లను నడిపించడానికి మాత్రం ఏ తరగతిలో ఏమి చేయాలో తెలిసి ఉండాలి.

ఎప్‌సెట్‌లో 160 ప్రశ్నలుంటే అందులో 80 గణితానివే. పదో తరగతి తరువాత రాసే పాలిసెట్‌లోనూ 120 మార్కులకు 60 గణితానివే. ఇంటర్‌లో ఎంపీసీలో చేర్చి, అప్పు తెచ్చి కోచింగుకు కట్టే తల్లిదండ్రులను చూస్తున్నాము. ఎనిమిది, తొమ్మిది తరగతులలో బీజగణితం జారిపోయిన పిల్లవాడికి ఆ కోచింగు వల్ల ఒరిగేది తక్కువ. ఉర్దూ మాధ్యమంలో చదివినవారికి మరొక అడ్డంకి. ‘ముసల్లస్’ అంటే ఏమిటో చక్కగా తెలిసిన పిల్ల ‘ట్రయాంగిల్’ అనగానే ఆగిపోతుంది. ఆమెకు లెక్క రాదని మేష్టారు అనుకుంటారు. ఎనిమిదో తరగతి నుంచే నోటుపుస్తకంలో ప్రతి గణిత పదాన్నీ రెండు భాషలలో రాయించండి. దీనికి ఖర్చు లేదు.

సరిగ్గా ఈ పునాది పడే వయసులోనే, ఒకటి నుంచి ఎనిమిదో తరగతి వరకు మైనారిటీ పిల్లలకిచ్చే ప్రీమెట్రిక్ స్కాలర్‌షిప్పును కేంద్రం 2022లో ఆపివేసింది. దానిని తిరిగి ఇవ్వాలని అడగడం మన హక్కు. అడుగుతూనే, ఉన్న దారులను విడువరాదు.

పదో తరగతి మార్కులతోనే బాసర ట్రిపుల్ ఐటీలో ఆరేళ్ళ చదువుకు ప్రవేశం లభిస్తుంది. ప్రభుత్వ పాఠశాలల విద్యార్థులకు అక్కడ అదనపు వెయిటేజీ ఉన్నది. పాలిటెక్నిక్ డిప్లొమా మూడేళ్ళు. ఆపై ఈసెట్ రాస్తే బీటెక్ రెండో సంవత్సరంలో నేరుగా చేరవచ్చు. ఇంటికి త్వరగా సంపాదన కావలసిన కుటుంబాలకు ఈ దారే మేలని మేము తలుస్తాము. మైనారిటీ గురుకులాలలో ఇంగ్లీషు మాధ్యమం, భోజనం, వసతి అన్నీ ఉచితం. జేఈఈ మెయిన్‌లో మంచి ర్యాంకు వస్తే వరంగల్ ఎన్.ఐ.టి. ఉన్నది. 1959లో ఆరంభమైన ఆ సంస్థలో సగం సీట్లు మన రాష్ట్ర విద్యార్థులవే. కాజీపేటలో రైలు దిగితే చేరే ఆ ఆవరణలోకి మన పిల్లలు ఎందరు అడుగుపెట్టారో మీరే ఆలోచించండి.

ఇక రిజర్వేషన్ల మాట. 2007 చట్టం ప్రకారం బి.సి.-ఇ కింద మనకు 4 శాతం సీట్లున్నాయి. ఆ చట్టంపై కేసు తేలలేదు. 2010 నాటి సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు మీదనే అది నిలిచి ఉన్నది. ఇక్కడ ఒక చిక్కు ఉన్నది, శ్రద్ధగా వినండి. రాష్ట్ర జాబితా వేరు, కేంద్ర జాబితా వేరు. దూదేకులవారు రాష్ట్రంలో బి.సి.-బి, కేంద్రంలో ఓబీసీ. బి.సి.-ఇలో ఉన్న షేక్‌లు కేంద్ర ఓబీసీ జాబితాలో లేరు. కనుక ఎప్‌సెట్‌కు పనికివచ్చిన కుల ధ్రువపత్రమే జేఈఈకి పనికివస్తుందనుకోరాదు. కుటుంబ ఆదాయం 8 లక్షలలోపు ఉన్నవారు ఈడబ్ల్యూఎస్ పత్రానికి అర్హత ఉన్నదేమో తహశీల్దారు కార్యాలయంలో ముందుగానే విచారించుకోవాలి. ఫారం నింపే రోజున మీసేవ ముందు నిలబడితే ఆ పత్రం చేతికి రాదు.

ఆడపిల్లల విషయమై ఒక్క మాట. ‘దూరం పంపలేము’ అనే జవాబు మేము తరచూ వింటాము. మహబూబాబాద్‌లోనే జె.ఎన్.టి.యు.హెచ్. ఇంజినీరింగ్ కళాశాల వచ్చింది కదా! భూపాలపల్లిలో సింగరేణి గనులున్నాయి, చెల్పూరులో 1,100 మెగావాట్ల విద్యుత్ కేంద్రం ఉన్నది. మన గడపలోనే ఇంజినీర్లు పనిచేస్తున్నారు. 2023 అక్టోబర్‌లో మేడిగడ్డ బ్యారేజీ కుంగినప్పుడు ఎందుకు కుంగిందని దేశమంతా అడిగింది. ఆ ప్రశ్నకు జవాబు చెప్పగలిగిన చదువు మహాదేవపూర్ పిల్లకు కూడా అందాలి.

ఆధార్‌లో ‘షేక్’ ఒక తీరున, బడి రికార్డులో మరొక తీరున ఉంటే పదో తరగతి మెమో రాకముందే సరిచేయించాలి. తరువాత ఆ తిరుగుడు చాలా పెద్దది. ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల పిల్లల కాగితాలు వెంట తెచ్చినవారు వెనుక బల్ల దగ్గర ఉండండి. ఇప్పుడే ఒక్కొక్కటిగా చూసిపెడతాము.