యుద్ధంలో తొట్టి బండి



ఈ రోజు ఒక బండి గురించి చెప్పుకుందాం. షోలే సినిమాలో ఇద్దరు స్నేహితులు పాట పాడుతూ పోయే బండి గుర్తుందా? దాన్ని సైడ్ కార్ బండి అంటారు. మోటారు సైకిలుకు ఒక పక్కన తొట్టి బిగిస్తారు. తొట్టికి ఒక చక్రం ఉంటుంది. మొత్తం మూడు చక్రాలు. ఒకరు నడుపుతారు. ఇంకొకరు తొట్టిలో కూర్చుంటారు.

సినిమాలో అది సరదా బండి. కాని ఒకప్పుడు అది యుద్ధం బండి. మొదటి ప్రపంచ యుద్ధం 1914 నుంచి 1918 దాకా జరిగింది. ఇంగ్లండు సైన్యం ఆ తొట్టిలో మరతుపాకి బిగించింది. కబుర్లు చేరవేయడానికీ, గాయపడ్డవాళ్ళను మోయడానికీ కూడా ఈ బండ్లు వాడారు. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీ కొన్ని బండ్లకు తొట్టి చక్రం కూడా ఇంజనుతో తిరిగేలా చేసింది. బురదలో దిగబడకూడదని అలా చేశారు. అప్పుడే నాలుగు చక్రాల జీపులు వచ్చాయి. తొట్టి బండి వెనకబడింది.

మళ్ళీ మొదటి యుద్ధానికి వద్దాం. ఆ యుద్ధానికి ఒక స్త్రీ కూడా తన తొట్టి బండి తీసుకుని వెళ్ళింది. ఆమె పేరు ఎల్సీ నాకర్. ఇంగ్లండు మనిషి. వయసు 30 ఏళ్ళు. ఒక బిడ్డ తల్లి. భర్తతో విడిపోయింది. నర్సు పని, మంత్రసాని పని నేర్చుకుంది. ఆమె స్నేహితురాలు మైరీ చిషోమ్. మైరీకి 18 ఏళ్ళే. ఆడపిల్లకు మోటారు సైకిలు ఏమిటని తల్లికి ఇష్టం లేదు. తండ్రి మాత్రం కొనిచ్చాడు. వీళ్ళిద్దరినీ కలిపింది మోటారు సైకిళ్ళే.

1914లో ఇద్దరూ ఒక వైద్య బృందంతో బెల్జియం దేశం వెళ్ళారు. మన దేశపు సైనికులు కూడా ఆ ఏడాది అక్కడ ఈప్ర్ అనే ఊరి దగ్గర పోరాడారు. గుళ్ళు పడి రోడ్లన్నీ గోతులయ్యాయి. రాత్రిపూట దీపం వెయ్యకుండా బండి నడపాలి. దీపం కనిపిస్తే శత్రువు కాలుస్తాడు.

అప్పుడు ఎల్సీ ఒక సంగతి గమనించింది. గాయపడ్డవాళ్ళు చాలామంది ఆసుపత్రికి చేరకముందే, దారిలోనే చనిపోతున్నారు. నెత్తురు కారుతుండగానే ఆ గోతుల్లో కుదుపుకుంటూ తీసుకుపోతున్నారు. ఒంట్లో శక్తి అంతా పోతోంది. “ముందు ఉన్నచోటే కట్టు కట్టాలి. కాస్త వెచ్చగా పడుకోబెట్టాలి. తరువాతే ప్రయాణం” అని ఆమె నిశ్చయించుకుంది.

అలా చెయ్యాలంటే యుద్ధం జరిగే చోటే ఉండాలి. ఆడవాళ్ళు అక్కడికి రాకూడదని పెద్దలన్నారు. వీళ్ళు వినలేదు. 1914 నవంబరులో పెర్వైజ్ అనే ఊళ్ళో, కూలిన ఇంటి నేలమాళిగలో చిన్న వైద్యశాల పెట్టారు. సైనికుల కందకాలకు అది సుమారు 100 గజాల దూరం. తరువాత బెల్జియం సైన్యం వాళ్ళను తమతో చేర్చుకుంది. ఖర్చులకు వాళ్ళే చందాలు పోగు చేసుకున్నారు. కట్లు కట్టారు. కందకాల్లోకి వేడి సూపు మోసుకుపోయారు. శత్రు సైనికుడికి దెబ్బ తగిలినా వెళ్ళి తెచ్చారు.

అలా మూడేళ్ళకు పైగా ఉన్నారు. 1918లో విషవాయువు తగిలి ఇద్దరూ జబ్బుపడ్డారు. అప్పుడే ఆ చోటు వదిలారు. బెల్జియం రాజు, ఇంగ్లండు ప్రభుత్వం వాళ్ళకు పతకాలు ఇచ్చాయి. 2014లో ఈప్ర్‌లో వాళ్ళిద్దరి కంచు విగ్రహం పెట్టారు.

అక్కల్లారా! మన ఊళ్ళో యుద్ధం లేదు. కాని రోడ్డు మీద ప్రమాదాలున్నాయి. పొలంలో కొడవలి తెగుతుంది. నెత్తురు కారుతుంటే శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టండి. 108కి ఫోను చెయ్యండి. మెడకో, వెన్నుకో దెబ్బ తగిలిందనిపిస్తే మనిషిని ఎత్తి ఆటోలో కుక్కకండి. కదపకుండా పడుకోబెట్టి, పక్కనే ఉండండి. ఈ పనికి పెద్ద చదువు అక్కరలేదు. ముందే తెలిసి ఉండాలి, అంతే.

మాట్లాడుకోండి:
1. గాయపడ్డవాళ్ళు దారిలోనే ఎందుకు చనిపోయారు?
2. మీ ఊళ్ళో ఎవరికైనా దెబ్బ తగిలితే ముందు ఏం చేస్తున్నారు? ఏం చెయ్యాలి?