మ్యూజియం చదువు - మన పిల్లలు
(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



డిగ్రీ పూర్తయిన పిల్లవాణ్ణి ఇకమీదట ఏం చేస్తావు నాయనా అని అడిగితే ఎం.బి.ఎ. అంటాడు, కంప్యూటర్ అంటాడు, కాదంటే గల్ఫ్ వీసా అంటాడు. తప్పేమీ లేదు, ఇల్లు గడవాలి గదా! అయితే చరిత్ర, ఉర్దూ, ఫార్సీ, అరబ్బీ, ఆ మాటకొస్తే కెమిస్ట్రీ చదివినవాళ్ళకు మరో దారి వున్నది. దాని పేరు మ్యూజియాలజీ.

హైదరాబాదు వెళ్ళిన ప్రతి కుటుంబమూ సాలార్‌జంగ్ మ్యూజియం చూస్తుంది. గంటలు కొట్టే గడియారం ముందు నిలబడతాం, ముసుగు రెబెక్కాను చూస్తాం, బయటికొచ్చి చాయ్ తాగుతాం. ఆ వెనుక జరిగిన పని మన కంటికి ఆనదు. మూడవ సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్‌గారు 1949లో కాలం చేశారు. ఆయన సేకరణను 1951 డిసెంబరు 16న దివాన్ దేవిడీలోనే ప్రజలకు తెరిచారు. 1961లో పార్లమెంటు చట్టం వచ్చింది, 1968లో ఇప్పటి భవనంలోకి మార్చారు. ఇంత సామగ్రిలో ఒక్కొక్క వస్తువుకూ నంబరు వేసి, రిజిస్టరుకెక్కించి, ఎక్కడిది, ఎప్పటిది, ఎవరి చేతిది అని తేల్చాలి. తేల్చకపోతే అది గిడ్డంగే అవుతుంది.

మన పిల్లలు అక్కరకొచ్చేది ఇక్కడే. ఆ మ్యూజియంలో అరబ్బీ, ఫార్సీ, ఉర్దూ చేతివ్రాత ప్రతులు వేలల్లో వున్నాయి. తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో మొగలాయీల నాటి, ఆసఫ్‌జాహీల నాటి ఫార్సీ దస్తావేజులున్నాయి. వాటిలో చాలా భాగం షికస్తా లిపి. అచ్చు పుస్తకం చదివే ఫార్సీతో అది తెగదు, కూర్చుని సాధన చెయ్యాలి. చదవగలిగిన పాతతరంవారు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు. కాగితం నిలిచి చదివేవాడు పోతే ఆ కాగితం వుండీ ఏం లాభం?

బరోడా మహారాజా సయాజీరావు విశ్వవిద్యాలయంలో 1952 నుంచీ ఈ శాఖ వున్నది. అలీగఢ్‌లోనూ వుంది. వస్తువును ఎట్లా ప్రదర్శించాలన్నది ఒక పాఠమైతే, ఎట్లా కాపాడాలన్నది అంతకంటె పెద్ద పాఠం. చేతివ్రాత ప్రతిమీద పడే వెలుతురు 50 లక్సులకు మించరాదంటారు. గాలిలో తేమ ఎక్కువైతే బూజు, మరీ తక్కువైతే కాగితం పెళుసు. మన ఇళ్ళల్లో ఏం చేస్తున్నాం? తాతగారి నికాహ్‌నామా చిరిగితే ప్లాస్టిక్ టేపు అంటిస్తాం. కొన్నేళ్ళకు ఆ జిగురు గోధుమరంగుకు తిరిగి అక్షరాల్లోకి దిగుతుంది. ఇంకొందరు లామినేషన్ చేయించి బాగా భద్రపరిచామనుకుంటారు. వేడికి అతుక్కున్న ఆ ప్లాస్టిక్‌ను తియ్యాలంటే నిపుణులకు కూడా గండమే. ఇక సనదులు, బయాజులు పాతకాగితాలవాడికి తూకానికి పోయిన ఇళ్ళు ఎన్నో!

ఉద్యోగాలు కుప్పలుగా వున్నాయని చెప్పి తల్లిదండ్రులను మభ్యపెట్టను. ఖాళీలు తక్కువ, ప్రకటనలు ఆలస్యం, మొదట్లో కాంట్రాక్టు జీతమే దొరకవచ్చు. అందుకే లిపి చదవడమో, కాగితం మరమ్మతో, ఒక పని గట్టిగా చేతికి రావాలి.

కార్యవర్గంవారికి నా మనవి ఒక్కటే. స్కాలర్‌షిప్పుల్లో ఒకటి ఈ చదువుకు కేటాయించండి. వచ్చే వేసవిలో పి.జి. విద్యార్థులు నలుగురు సభ్యుల ఇళ్ళకు వెళ్ళి పాత కాగితాల జాబితా రాయాలి: నంబరు, కొలత, భాష, తారీఖు, ఎవరి ఇంటిది. అసలు కాగితాలు ఇంటివారి దగ్గరే వుంటాయి. రిజిస్టరు మాత్రం సంఘం ఆఫీసులో పెడదాం.