నిలిపిన లారీయు, తరిగిన డీజిలును
(పఠన మందిరమున నొక న్యాయవాది గావించిన ప్రసంగము)



ఈ మందిరమున సాధారణముగా గ్రంథములను గూర్చియు, లోకవృత్తాంతములను గూర్చియు ప్రసంగములు జరుగుచుండును. నేడు డీజిలు దొంగలను గూర్చి మాటాడ నిలిచితినని కొందరు నవ్వవచ్చును. నవ్వుడు, కాని నవ్విన పిమ్మట కొంచెము వినుడు.

కడచిన యేట నొక లారీ డ్రైవరు నా యొద్దకు వచ్చెను. ఒంగోలు దాటిన పిమ్మట 16వ జాతీయ రహదారి ప్రక్కన, మూసియున్న యొక దాబా యెదుట, బండి నిలిపి నిద్రించెనట. తెల్లవారునప్పటికి టాంకు మూత యూడియున్నది. నేలపై తడి యున్నది. నూటయేబది లీటర్లు పోయినవి. యజమాని ఫోనులో నడిగిన మొదటి ప్రశ్న "ఎవనికి అమ్మితివి?" అని. ఆ సొమ్మంతయు జీతమున కోసికొనెను. డ్రైవరు నాతో సొమ్ము మాట ముందెత్తలేదు. "అయ్యా, నేను దొంగను కానని యొక కాగితము వ్రాసి యిండు. ఇంటివారికి చూపవలెను" అనెను. ఆ మాటయే నన్ను మీ యెదుట నిలిపినది.

లారీ టాంకు బండి చట్రము ప్రక్కన, బయటికి కనబడుచు, మనిషి చేతికందు నెత్తున నుండును. రెండు, మూడు వందల లీటర్లు పట్టును. గొట్టమొకటి దించి, దాని రెండవ కొనను పల్లమున నుంచినచో నింధనము తనంతట తానే దిగును. నోటితో పీల్చువాడు డీజిలు ఊపిరితిత్తులకు పోయి ప్రాణము మీదికి తెచ్చుకొనుటయు గలదు, ఆశ యట్టిది. టాంకు అడుగంటినచో గొట్టములకు గాలి పట్టును. డీజిలు తెచ్చి పోసినను, ఆ గాలి తీసినగాని యింజను కదలదు. సరకు చేరవలసిన వేళ తప్పును.

మూతకు తాళము వేయించితిమి గదా యని తృప్తిపడు యజమానులు గలరు. టాంకు అడుగున నొక మర యుండును. దానిని విడిచి మూతకు మాత్రము తాళము వేయుట, వీధితలుపు గడియపెట్టి పెరటితలుపు తెరచియుంచుట వంటిది. మరకును కప్పు వేయింపవలయును. మూతక్రింది కంఠమున గొట్టము దిగకుండ జల్లెడవంటి యడ్డు బిగింపవలయును. అంతటితోను సరిపోదు, తెగించినవాడు టాంకునకే తూటు పొడుచును. అందువలన బండి నిలుపు తీరే ముఖ్యము. టాంకు వైపు గోడకు జానెడు దూరమున నిలుపుడు. గోడ లేనిచోట, ఒకే ప్రక్కను టాంకులుగల రెండు లారీలను ఒకదాని మొగము తూర్పునకు, రెండవదాని మొగము పడమటికి నుండునట్లు దగ్గరగా నిలిపినచో, రెండు టాంకులును నడుమ చిక్కును. మనిషి దూరుటకు సందుండదు. దీనికి కానియైనను ఖర్చు లేదు. రాత్రి నిలుపబోవు బండికి సాయంత్రము టాంకు నిండ పోయింపక తెల్లవారి పోయించుట మరియొక యుపాయము.

దీపములున్న తావున నిలుపుటకు రుసుము చెల్లింపవలసివచ్చును. ఆ కొలది సొమ్మునకు వెనుదీసి, చీకటిలో బండి నిలుపుమని చెప్పి, రేయింబవళ్లు తోలి యలసినవాడు మేలుకొని కావలి కాయలేదని కోపించుట న్యాయము కాదు. యజమానులిచట కొందరున్నారు, మన్నింపవలెను.

గీతలు పెట్టిన కర్రతో సాయంత్రమును, ఉదయమును టాంకు కొలిచి, ఫోనుతో బొమ్మ తీసి యజమానికి పంపు నలవాటు మిక్కిలి మంచిది. మట్టము తరిగిన తక్షణమే వార్త పంపు యంత్రములును వచ్చినవి గాని, ఒక్క బండి గలవానికి కర్రయే చాలును. అది యజమాని సొమ్మునకును, డ్రైవరు మానమునకును గూడ సాక్ష్యము.

ఇక చట్టము. 2024 జూలై 1 నుండి భారతీయ న్యాయ సంహిత యమలులోనున్నది. అందు 303వ సెక్షను సాధారణ చౌర్యమునకు సంబంధించినది. సొత్తు విలువ 5,000 రూపాయలకు లోబడి, తొలిసారి శిక్షపడినవాడు దానిని తిరిగి యిచ్చినచో, సమాజసేవతో తీరిపోవును. లీటరు నూరు రూపాయలకు చేరువగా నున్న యీ దినములలో నలుబది లీటర్ల దొంగ యీ సందుననే తప్పుకొనును. కాని 305వ సెక్షను సరకులనో, ప్రయాణికులనో చేరవేయు వాహనమునుండి వస్తువు దొంగిలించుటకు ఏడేండ్లవరకు శిక్ష విధించుచున్నది. టాంకులోని డీజిలును అట్టి వస్తువే యని నా యభిప్రాయము. ఎదుటి వకీలు కాదనవచ్చును. ఆ తగవు న్యాయస్థానము తీర్చును. ఫిర్యాదులో నా సెక్షను వ్రాయింపకున్నచో తగవే పుట్టదు. ఫిర్యాదును ఏ స్టేషనులోనైన నీయవచ్చును. ఫోను ద్వారా పంపి, మూడు దినములలో సంతకము చేసినను చెల్లును. బంకు రసీదులను దాచుకొనుడు.

సగము ధరకు దొరికినదని ట్రాక్టరునకో, జనరేటరునకో కొనువారు 317వ సెక్షను చదువుకొనవలెను. దొంగసొత్తని నమ్ముటకు కారణమున్నను కొనుట నేరమే. ఆ సగము ధరయే తగిన కారణము కాదా?

వశము చేసిన వస్తువు పోయినప్పుడు, ఆ నష్టము పనివాని యుపేక్షవలననే నేరుగా కలిగినదైననే గాని జీతము కోయరాదనియు, కోయుటకు ముందాతని సమాధానము వినవలెననియు 1936 నాటి వేతన చెల్లింపు చట్టము చెప్పెను. 2019 నాటి వేతన సంహితయు నదియే చెప్పుచున్నది. నా యొద్దకు వచ్చిన డ్రైవరును ఎవరును ఏమియు నడిగియుండలేదు. నోటీసు వ్రాసితిని; జీతము తిరిగి వచ్చినది. కాగితము మాత్ర మీయలేకపోతిని. ఒకడు దొంగ కాడని వ్రాసి యిచ్చు నధికారము వకీలునకు లేదు. ఇప్పుడతడు ప్రతి సాయంత్రము కర్ర బొమ్మను యజమానికి పంపుచు, నాకును నొకటి పంపుచున్నాడు.